ఒకే సమీకరణం కోసం

బల్లమీద ఒక గుండుసూదిని పెట్టండి. దానికి పైగా ఒక చిన్న అయస్కాంతాన్ని పట్టుకొని మెల్లగా కిందికి దించండి. కొంత దూరం వచ్చేసరికి సూది చటుక్కున లేచి అయస్కాంతాన్ని అంటుకొంటుంది. ఈ ఆట చిన్నప్పుడు ఆడనివారు ఉండరు. అయితే అందులోని వింతను గమనించినవారు తక్కువ. ఆ సూదిని కిందికి లాగుతున్నది ఈ భూగోళమంతా. పైకి లాగినది మీ చిటికెనవేలంత లేని ఇనుపముక్క. అయినా భూగోళమే ఓడిపోయింది!

సూదిని కిందికి లాగే బలానికి గురుత్వాకర్షణ అని పేరు. పైకి లాగినది అయస్కాంత బలం. రెండూ లాగడమే. రెండూ తాకకుండా దూరం నుంచే పనిచేస్తాయి. మరి ఇవి వేరువేరు బలాలా? లేక ఒకే బలం రెండు వేషాలు కట్టి మన ముందు ఆడుతున్నదా? తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ తెరమీద బద్ధశత్రువులు. తెర వెనుక మాత్రం ఇద్దరినీ ఆడించే చేతులు ఒకరివే కావచ్చు. మన భాషలో సూత్రం అనే మాటకు దారం అనీ, నియమం అనీ రెండర్థాలున్నాయి. ప్రకృతిలోని బలాలన్నిటి వెనుక ఒకే సూత్రం ఉన్నదా, ఉంటే దానిని ఒక్క సమీకరణంగా రాయవచ్చునా అన్నది మూడు వందల ఏండ్లకు పైగా భౌతిక శాస్త్రజ్ఞులకు నిద్ర లేకుండా చేస్తున్న ప్రశ్న. దీనికి జవాబు వెదుకుతూ వారు ఒక దశలో కర్ణాటకలోని కోలారు బంగారు గనుల అడుగుదాకా దిగారు. ఆ ముచ్చట కొంచెం ఆగి చెప్పుకొందాం.

పూర్వం ఐరోపా పండితులు ఆకాశానికి ఒక ధర్మం, భూమికి మరొక ధర్మం అని నమ్మేవారు. భూమిమీది వస్తువులు కిందికి పడతాయి. ఆకాశంలోని గోళాలు పడకుండా గుండ్రంగా తిరుగుతాయి. కనుక రెండిటికీ పొత్తు లేదని వారి భావన. 1687లో న్యూటన్ తన ‘ప్రిన్సిపియా’ గ్రంథంలో ఈ గోడను పడగొట్టాడు. అతని లెక్క ఎంత తేలికగా ఉన్నదో మీరే చూడండి. చేతిలోని రాయిని వదిలితే మొదటి సెకనులో సుమారు 4.9 మీటర్లు పడుతుంది. భూకేంద్రం నుంచి మనం ఒక భూవ్యాసార్ధం దూరంలో ఉన్నాం. చంద్రుడు అటువంటి వ్యాసార్ధాలు అరవై దూరంలో ఉన్నాడు. దూరం అరవై రెట్లయితే ఆకర్షణ అరవైని అరవైతో గుణించినంత, అనగా 3600 వంతులు, తగ్గుతుందని న్యూటన్ ప్రతిపాదన. అదే నిజమైతే చంద్రుడు సెకనుకు 4900 మిల్లీమీటర్లలో 3600వ వంతు, అంటే సుమారు 1.36 మిల్లీమీటర్లు, భూమి వైపు పడుతూ ఉండాలి. చంద్రుడు తిన్నగా పోకుండా భూమి చుట్టూ తిరగాలంటే సెకనుకు ఎంత వంగాలో విడిగా లెక్క కట్టి చూస్తే అంతే వస్తున్నది. చెట్టునుంచి రాలిన పండు, ఆకాశంలోని చంద్రుడు ఒకే నియమానికి లోబడి పడుతున్నాయన్నమాట. ఒకటి నేలను తాకుతుంది, ఇంకొకటి పక్కకు కూడా వేగంగా పోతూ ఉండడం వల్ల ఎప్పటికీ తాకదు. అంతే తేడా.

ఏకీకరణ అనే మాటకు అర్థం ఇదే. రెండుగా కనిపించినవి ఒకటేనని తేలడం. ఒకసారి ఈ రుచి మరిగిన శాస్త్రజ్ఞులు మళ్లీ మళ్లీ దానినే కోరడంలో ఆశ్చర్యం లేదు.

రెండవ విజయానికి నూట ముప్పై ఏండ్లు పట్టింది. 1820లో డెన్మార్కు దేశస్థుడు ఓర్‌స్టెడ్ విద్యుత్తు పారుతున్న తీగ దగ్గర అయస్కాంత సూచి పక్కకు తిరగడం గమనించాడు. అంతవరకు విద్యుత్తు వేరు, అయస్కాంతం వేరు. 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే దీనిని తిరగేసి, తీగచుట్టలో అయస్కాంతాన్ని కదిలిస్తే విద్యుత్తు పుడుతుందని చూపాడు. ఫారడే ఒక కమ్మరి కొడుకు. పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణంలో పని నేర్చుకొంటూ, కట్టడానికి వచ్చిన పుస్తకాలనే చదివి శాస్త్రజ్ఞుడైన మనిషి. అతనికి గణితం పెద్దగా రాదు. కాని ప్రకృతి బలాలన్నీ ఒకదానికొకటి చుట్టాలే అన్న నమ్మకం బలంగా ఉండేది. 1849లో అతడు గురుత్వాకర్షణకూ విద్యుత్తుకూ ఉన్న బంధుత్వాన్ని పట్టుకోవాలని, లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఉపన్యాసశాలలో పైనుంచి బరువులను కిందికి జారవిడిచి, పడుతున్నప్పుడు తీగచుట్టలో విద్యుత్తు ఏమైనా పుడుతుందేమో చూశాడు. ఏమీ పుట్టలేదు. పదేండ్ల తరువాత, అరవై ఏడేండ్ల వయసులో, సీసపు గుండ్లు పోసే ఎత్తైన బురుజు ఒకటి చూసుకొని మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ ఏమీ రాలేదు. ప్రయోగం విఫలమైందని దాచకుండా చెప్పుకొన్నాడు. బంధుత్వం ఉన్నదన్న నమ్మకం మాత్రం వదలుకోలేదు. ఫారడే కనుగొన్నవాటిని అందరూ పొగుడుతారు. కనుగొనలేకపోయిన ఈ ఒక్కటి నాకు అంతకంటె పెద్దదిగా తోస్తుంది. ఎందుకంటే ఆయన అడిగిన ఆ ప్రశ్నకు నేటికీ జవాబు దొరకలేదు.

ఫారడే చేతితో చూపిన దానిని గణితంలో పెట్టినవాడు స్కాట్లండుకు చెందిన జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. విద్యుత్తు, అయస్కాంతత్వం ఒకదానినొకటి ఎలా పుట్టిస్తాయో సమీకరణాలుగా రాసి చూస్తే వాటిలోనుంచి ఎవరూ పిలవని అతిథి ఒకడు వచ్చాడు. మారుతున్న విద్యుత్ క్షేత్రం అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. అది మారుతూ మళ్లీ విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఈ రెండూ ఒకదాని చేయి ఒకటి పట్టుకొని అలగా ముందుకు పోతాయి. ఆ అల వేగమెంత? జర్మనీలో వెబర్, కోల్‌రౌష్ అనేవారు 1856లో కేవలం విద్యుత్ పరికరాలతో చేసిన కొలతలను బట్టి అది సెకనుకు సుమారు 3,10,000 కిలోమీటర్లని తేలింది. అంతకు కొన్నేండ్ల ముందే ఫ్రాన్సులో ఫిజో పళ్ల చక్రాన్ని తిప్పి కాంతి వేగాన్ని కొలిచాడు. అది సుమారు 3,15,000 కిలోమీటర్లు. నేటి కచ్చితమైన విలువ 2,99,792 కనుక ఆనాటి కొలతలు రెండూ కొంచెం ఎక్కువే. అయినా రెండు సంఖ్యలు ఇంత దగ్గరగా ఉండడం కాకతాళీయం కాదని మాక్స్‌వెల్ గ్రహించాడు. జాడీలలో నింపిన విద్యుత్తును కొలిచినవారు తమకు తెలియకుండానే కాంతిని కొలిచారు! కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమే. విద్యుత్తు, అయస్కాంతం, కాంతి అనే మూడూ 1865 నాటికి ఒకే కుటుంబంలో చేరాయి. మాక్స్‌వెల్ 1879లో నలభై ఎనిమిదేండ్లకే మరణించాడు. అతని తరంగాలను హెర్ట్‌జ్ ప్రయోగశాలలో పుట్టించి చూపినది 1887–88లో.

ఇవి కాగితాలమీద మిగిలిపోయిన లెక్కలు కావు. 1902లో కావేరిమీది శివసముద్రం జలపాతం దగ్గర పుట్టించిన విద్యుత్తు దాదాపు 150 కిలోమీటర్ల దూరం తీగల వెంబడి ప్రయాణించి కోలారు గనులను చేరింది. ఫారడే తీగచుట్టలో తిప్పిన అయస్కాంతమే అక్కడ పెద్ద యంత్రంగా తిరిగింది.

ఇక మూడవ అడుగు ఐన్‌స్టీన్ వేశాడు, కాని అది నేలమీద పడలేదు. 1915లో ఆయన గురుత్వాకర్షణను స్థలకాలాల వంపుగా వివరించాడు. ఆ వెంటనే విద్యుదయస్కాంత బలాన్ని కూడా అదే వంపులో ఇమిడించాలన్న కోరిక కలిగింది. 1919లో కాలూజా అనే జర్మన్ గణిత పండితుడు ఆయనకు ఒక చిత్రమైన ఉత్తరం రాశాడు. పొడవు, వెడల్పు, ఎత్తు, కాలం అనే నాలుగు పరిమాణాలకు తోడు అయిదవ పరిమాణం ఒకటి ఉన్నదనుకొని ఐన్‌స్టీన్ సమీకరణాలను మళ్లీ రాస్తే, వాటిలోనుంచి మాక్స్‌వెల్ సమీకరణాలు తామే ఊడిపడుతున్నాయి! ఐన్‌స్టీన్ ముచ్చటపడ్డాడు, సందేహపడ్డాడు, రెండేండ్ల తరువాత గాని దానిని ప్రచురణకు పంపలేదు. 1929లో ఆయనే స్వయంగా ఏకీకృత క్షేత్ర సిద్ధాంతాన్ని ప్రకటించినప్పుడు న్యూయార్క్ పత్రికలలో అది పెద్ద వార్త. లండన్‌లో ఒక పెద్ద దుకాణం వారు ఆ వ్యాసం పుటలను అద్దాలకు అంటించగా దారిన పోయేవారు గుంపులుగా నిలబడి చదవబోయారట. వారిలో ఎందరికి అర్థమయిందో అడగనక్కరలేదు. కొన్నేండ్లకు ఆ సిద్ధాంతాన్ని ఐన్‌స్టీనే వదలివేశాడు. మరొకటి మొదలుపెట్టాడు. అదీ వదిలాడు. ఇలా ముప్పై ఏండ్లు గడిచాయి. 1955 ఏప్రిల్ 18న ప్రిన్‌స్టన్ ఆసుపత్రిలో మరణించేనాటికి ఆయన పడక దగ్గర ఆ లెక్కల కాగితాలు ఉన్నాయి.

అంతటి మేధావి ఎందుకు ఓడిపోయాడు? ఒక కారణం స్పష్టంగా చెప్పవచ్చు. చేతిలో ఉన్న ముక్కలు చాలకుండానే ఆయన బొమ్మ పూర్తిచేయబోయాడు. ఐన్‌స్టీన్ కలపదలచినవి రెండు బలాలు. ప్రకృతిలో ఉన్నవి నాలుగు. మిగిలిన రెండూ పరమాణు కేంద్రకం లోపల మాత్రమే పనిచేస్తాయి కనుక మన చేతికి గాని కంటికి గాని తగలవు. కేంద్రకంలో ప్రోటాన్లన్నీ ధనావేశం గలవి. అవి ఒకదానినొకటి నెట్టుకొని చెల్లాచెదురు కావాలి. కాకుండా పట్టి ఉంచేది ప్రబల కేంద్రక బలం. న్యూట్రాన్‌ను ప్రోటాన్‌గా, ప్రోటాన్‌ను న్యూట్రాన్‌గా మార్చగలిగేది బలహీన కేంద్రక బలం. పేరుకు బలహీనమైనా ఇది లేకుంటే సూర్యుడు వెలగడు. ఐన్‌స్టీన్ ఈ రెండిటినీ పట్టించుకోలేదు. క్వాంటమ్ సిద్ధాంతంతో కూడా ఆయనకు చివరివరకు పొసగలేదు.

తరువాతి విజయం ఎవరూ ఊహించని జంటకు దక్కింది. గ్లాషో, వైన్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు, అవిభక్త భారతదేశపు పంజాబులో ఝంగ్ పట్టణంలో పెరిగిన అబ్దుస్ సలాం, 1961–68 మధ్య వేరువేరుగా పనిచేసి, విద్యుదయస్కాంత బలమూ బలహీన బలమూ ఒకటేనని చూపారు. ఇది నమ్మశక్యంగా తోచదు. ఒకటి నక్షత్రాల దూరం పోతుంది. మరొకటి కేంద్రకం దాటి అడుగు పెట్టదు. రెండూ ఒకటెలా అవుతాయి? నీటిని తలచుకోండి. మంచుగడ్డ గట్టిగా ఉంటుంది, నీరు పారుతుంది. మంచుగడ్డను తప్ప నీటిని ఎన్నడూ చూడని మనిషికి రెండూ ఒకే పదార్థమని చెబితే నవ్వుతాడు. వేడి చేసి చూపితే ఒప్పుకొంటాడు. బలాలూ అంతే. విశ్వం పుట్టిన తొలి క్షణంలోని భయంకరమైన వేడిలో ఆ రెండు బలాలూ ఒకటిగా ఉండి, చల్లారిన కొద్దీ విడిపోయాయి. ఈ సిద్ధాంతం ప్రకారం బలహీన బలాన్ని మోసే బరువైన కణాలు ఉండాలి. 1983లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో అవి దొరికాయి. ప్రోటాన్ కంటె ఎనభై, తొంభై రెట్లకు పైగా బరువైన కణాలవి. నోబెల్ బహుమతి సంఘం మాత్రం అంతవరకు ఆగలేదు. ముగ్గురికీ 1979లోనే బహుమతి ఇచ్చింది. వాటికి బరువునిచ్చే హిగ్స్ కణం 2012లో కనిపించింది.

నాలుగు కాస్తా మూడయ్యాయి. ఇక ప్రబల బలాన్ని కూడా కలిపితే?

ఈ ప్రశ్నను మొదట గట్టిగా పట్టుకొన్నవారిలో ఒకరు ఒడిశావాసి. మయూర్‌భంజ్ జిల్లాలోని బారిపదలో 1937లో పుట్టిన జోగేశ్ పతి కటక్‌లోని రావెన్‌షా కళాశాలలో చదివి, ఢిల్లీ మీదుగా అమెరికా వెళ్లారు. 1970ల తొలినాళ్లలో ఇటలీలోని ట్రియెస్టెలో ఆయన సలాంతో కలిసి పనిచేశారు. ప్రోటాన్ లోపల క్వార్కులనే చిన్న కణాలుంటాయి. ఎలక్ట్రాన్, న్యూట్రినో అనేవి క్వార్కులతో సంబంధం లేని వేరే జాతి అని అందరూ అనుకొనేవారు. కాదు, ఇవన్నీ ఒకే ఇంటి బిడ్డలని పతి, సలాం 1973–74లో ప్రతిపాదించారు. 1974లోనే అమెరికాలో జార్జి, గ్లాషో అనేవారు మరో దారిలో ఇటువంటి సిద్ధాంతాన్నే నిర్మించారు.

ఈ ప్రతిపాదనలో ఒక ప్రమాదకరమైన మాట దాగి ఉన్నది. క్వార్కు, ఎలక్ట్రాన్ ఒకే ఇంటివైతే ఒకటి మరొకటిగా మారగలగాలి. క్వార్కు అలా మారితే ప్రోటాన్ నిలవదు, విచ్ఛిన్నమై పోతుంది. ప్రోటాన్లు నశిస్తాయంటే బంగారం, రాయి, నీరు, మన దేహాలు, నక్షత్రాలు అన్నీ ఏదో ఒకనాటికి కరిగిపోతాయని అర్థం. అంతవరకు పదార్థం అక్షయమని నమ్ముతూ వచ్చాం. ఒక్క సమీకరణం కావాలంటే ఆ అక్షయత్వాన్ని వదులుకోవాలన్నమాట.

అయితే భయపడనక్కరలేదు. ఆ సిద్ధాంతాలు మొదట చెప్పిన ప్రకారం ప్రోటాన్ సగటు ఆయుర్దాయం ఒకటి పక్కన ముప్పై, ముప్పై ఒక్క సున్నాలు పెడితే వచ్చినన్ని సంవత్సరాలు. విశ్వం వయస్సు 1380 కోట్ల సంవత్సరాలు మాత్రమే. అంటే పదకొండంకెల సంఖ్య. మరి అంతకాలం ఎవరు కాచుకొని కూర్చుంటారు? అక్కరలేదు. ఒక పెద్ద పట్టణాన్ని ఊహించండి. అక్కడ మనుషులు సగటున డెబ్బై ఏండ్లు బతుకుతారు. మరణం చూడాలంటే డెబ్బై ఏండ్లు వేచి ఉండాలా? శ్మశానం దగ్గర ఒక్క రోజు నిలబడితే చాలు. జనం ఎక్కువ ఉన్నచోట ఎవరో ఒకరి వంతు రోజూ వస్తుంది. అలాగే ప్రోటాన్లను లెక్కకు మించి పోగుచేసి కనిపెట్టి ఉంటే ఎప్పుడో ఒకటి విచ్ఛిన్నం కావడం కనిపించాలి. ఒక గ్రాము పదార్థంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి 6 పక్కన ఇరవై మూడు సున్నాలు పెట్టినన్ని ఉంటాయి. ఒక టన్నులో 6 పక్కన ఇరవై తొమ్మిది సున్నాలు. 140 టన్నుల ఇనుములో 84 పక్కన ముప్పై సున్నాలు. ఆయుర్దాయం ఒకటి పక్కన ముప్పై ఒక్క సున్నాలనుకొంటే ఏడాదికి సుమారు ఎనిమిది విచ్ఛిన్నాలు జరగాలి.

140 టన్నులని ఊరికే అనలేదు. కోలారు గనిలో పేర్చినది అంత బరువే.

కోలారు బంగారు గనులను గురించి మీలో కొందరికి ఇంట్లోనే తెలిసి ఉంటుంది. చిత్తూరు జిల్లా నుంచీ, ఉత్తర ఆర్కాటు, సేలం ప్రాంతాల నుంచీ తెలుగు, తమిళ కుటుంబాలు తరతరాలుగా అక్కడికి పనికి పోయాయి. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట వీథులలో ఈ రెండు భాషలూ కన్నడంతో కలిసి వినిపిస్తాయి. బంగారం కోసం తవ్వి తవ్వి ఆ గనులను మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దించారు. బంగారంతో పని లేకున్నా ఆ లోతుతో శాస్త్రజ్ఞులకు పని పడింది.

ఎందుకంటే ఆకాశం నుంచి మనమీద ఎప్పుడూ విశ్వకిరణాలు కురుస్తూ ఉంటాయి. అరచేయి చాపి పట్టుకొంటే నిమిషానికి సుమారు వంద కణాలు దానిలోనుంచి దూసుకుపోతాయి. ఏడాదికి ఎనిమిది సంఘటనలను వెదికేవాడికి ఈ వాన కింద ఏమి కనిపిస్తుంది? జాతరలో చీమ అడుగుల చప్పుడు వినబోయినట్లుంటుంది. నేల కిందికి పోయిన కొద్దీ రాయి ఈ కణాలను అడ్డుకొంటుంది. 2.3 కిలోమీటర్ల లోతులో, పరికరం మొత్తంమీద రోజుకు వేళ్లమీద లెక్కించగలిగినన్ని మాత్రమే మిగులుతాయి.

ముంబయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ, జపానులోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం కలిసి ఈ లోతులో 1980లో పని ప్రారంభించాయి. ప్రోటాన్ విచ్ఛిన్నాన్ని వెదకడానికే నిర్మించిన తొలి పెద్ద పరికరాలలో ఇది ఒకటి. ఎం.జి.కె. మేనన్, బి.వి. శ్రీకంఠన్, వి.ఎస్. నరసింహం, జపానుకు చెందిన మియాకే మొదలైనవారు ఇందులో ముఖ్యులు. పరికరం చూడడానికి గొప్పగా ఉండదు. పది సెంటీమీటర్ల చదరపు ఇనుప గొట్టాలు సుమారు 1600. ప్రతి గొట్టంలోను వాయువు, నడుమ ఒక సన్నని తీగ. గొట్టాలను 34 వరుసలుగా పేర్చి, వరుసకూ వరుసకూ నడుమ ఇనుప పలకలు పరిచారు. ఒక వరుస నిలువుగా, మరుసటి వరుస అడ్డంగా. కణం ఏదైనా గొట్టాలలోనుంచి పోతే వాయువులో చిన్న విద్యుత్ స్పందన కలుగుతుంది. ఏ ఏ గొట్టాలు స్పందించాయో చూసి, ముగ్గుచుక్కలను కలిపినట్లు కలిపితే కణం నడిచిన దారి తెలుస్తుంది. ఇనుమే కాపలాదారు, నశించవలసిన ప్రోటాన్లు ఉన్నదీ ఆ ఇనుములోనే. అంత బరువునూ గని పంజరాలలో ముక్కలు ముక్కలుగా దించి, వేడెక్కిన రాతిగుహలో కూర్చిన చేతులు గని కార్మికులవీ సాంకేతిక నిపుణులవీ. పరిశోధన పత్రాలలో వారి పేర్లు ఉండవు.

కొద్ది కాలానికే పరికరంలో కొన్ని జాడలు కనిపించాయి. బయటినుంచి ఏదీ లోపలికి వచ్చిన గుర్తు లేదు. మధ్యలోనే ఒక బిందువు దగ్గర పుట్టి విడిపోయిన గీతలు. ప్రోటాన్ విచ్ఛిన్నమైతే అచ్చం ఇలాగే ఉంటుంది. 1981–82లో ఈ వార్త ప్రపంచమంతా పాకింది. ఒకవేళ అదే నిజమైతే మహా ఏకీకరణకు తొలి సాక్ష్యం కోలారులో దొరికినట్లే.

కాని గనిలో మరొక మాయావి ఉన్నది. దాని పేరు న్యూట్రినో. ఎంత రాయి అడ్డున్నా దానికి లెక్క లేదు. భూమిని ఈ పక్కనుంచి ఆ పక్కకు దాటిపోగలదు. వాతావరణంలో విశ్వకిరణాల వల్ల పుట్టే న్యూట్రినోలను 1965లో ఇదే కోలారు గనిలో మొదటిసారి పట్టుకొన్నారు. అదే ఏడు దక్షిణాఫ్రికాలోని బంగారు గనిలో మరొక బృందం కూడా పట్టింది. ఆనాడు వెదికి పట్టుకొన్న ఆ న్యూట్రినోనే ఇప్పుడు అడ్డమయింది. న్యూట్రినో లోపలికి వచ్చేటప్పుడు జాడ వదలదు. ఇనుములో దేనినో ఢీకొన్నప్పుడు మాత్రం గీతలు పుడతాయి. కనుక చూసినది ప్రోటాన్ మరణమా, న్యూట్రినో ఢీకొట్టడమా అన్నది తేల్చడం కష్టం. కోలారు శాస్త్రజ్ఞులు ఇది తెలిసే తమ జాడలకు రుజువులని పేరు పెట్టలేదు, పరిశీలించదగిన సంఘటనలనే అన్నారు. ఆ జాగ్రత్త మెచ్చదగినది.

తేల్చడానికి మరింత పెద్ద పరికరాలు కావలసి వచ్చాయి. అమెరికాలోని ఓహియోలో ఉప్పుగనిలో కొన్ని వేల టన్నుల నీటిని నింపారు. జపానులోని కమియోకా గనిలో 1983లో మూడు వేల టన్నుల నీటి తొట్టి కట్టారు. ప్రోటాన్ మరణిస్తే ఆ నీటిలో నీలిరంగు వెలుగు వలయంలా మెరవాలి. తొట్టి గోడల నిండా వేలకొద్దీ గాజుకన్నులు చీకటిలో దానికోసం చూశాయి. మెరవలేదు. కోలారు జాడలు నిజమైతే అక్కడ ఏడాదికి ఎన్నోసార్లు మెరవవలసింది. జార్జి, గ్లాషో తొలుత చెప్పిన సరళమైన సిద్ధాంతం అలా తప్పని తేలిపోయింది. అందంగా ఉన్నంత మాత్రాన ప్రకృతి ఒప్పుకోదు.

1996లో కమియోకాలోనే 50,000 టన్నుల నీటితో సూపర్ కమియోకండె పని మొదలుపెట్టింది. దాని ఫలితాలను 2020లో లెక్కకట్టగా ప్రోటాన్ ఆయుర్దాయం, మొదట ఊహించిన ప్రధాన మార్గంలో, ఒకటి పక్కన ముప్పై నాలుగు సున్నాల సంవత్సరాలకు రెట్టింపు కంటె ఎక్కువే ఉండాలని తేలింది. ప్రోటాన్ చావు మాత్రం ఒక్కటీ కనిపించలేదు. అయితే ఆ నీళ్ల తొట్లు వృథా పోలేదు. 1987 ఫిబ్రవరిలో దక్షిణాకాశంలో ఒక నక్షత్రం పేలినప్పుడు దానినుంచి వచ్చిన న్యూట్రినోలను కమియోకా, ఓహియో తొట్లు రెండూ పట్టుకొన్నాయి. 1998లో సూపర్ కమియోకండె న్యూట్రినోలకు బరువు ఉన్నదని చూపింది. అందుకు తకాకి కజితకు 2015లో నోబెల్ బహుమతిలో సగం వచ్చింది. ప్రోటాన్‌కోసం వలవేస్తే, ఏరి పారేద్దామనుకొన్న న్యూట్రినోయే పెద్ద చేపగా చిక్కింది.

అయినా ప్రోటాన్‌ను వదలిపెట్టి యంత్రాలతో నేరుగా చూడరాదా అని మీరు అడగవచ్చు. మూడు బలాలూ ఏకమయ్యే శక్తి, సెర్న్‌లోని 27 కిలోమీటర్ల వలయంలో కణాలను ఢీకొట్టించే శక్తి కంటె వేలకోట్ల రెట్లు ఎక్కువ. అంతటి యంత్రాన్ని భూమిమీద కట్టలేం. కనుక అరుదైన ఆ ఒక్క మరణం కోసం ఓపికతో కాచుకోవడమే ప్రస్తుతం తెలిసిన దారులలో మెరుగైనది.

గురుత్వాకర్షణ సంగతి ఇంకా కష్టం. రెండు ప్రోటాన్ల మధ్య విద్యుత్ బలం వాటి గురుత్వాకర్షణ కంటె ఒకటి పక్కన ముప్పై ఆరు సున్నాలన్ని రెట్లు పెద్దది. గుండుసూది ఆటలో భూగోళం ఓడిపోవడానికి కారణం ఇదే. ఇంత తేడా ఎందుకో ఎవరికీ తెలియదు. కణాలన్నీ బిందువులు కావనీ, అతిసూక్ష్మమైన తంతువుల కంపనాలనీ చెప్పే తంతు సిద్ధాంతం 1984 తరువాత చాలామందిని ఆకర్షించింది. కాలూజా చెప్పిన అదనపు పరిమాణాలు అందులో మళ్లీ వచ్చాయి. మన దేశంలో అశోక్ సేన్ వంటివారు దానిలో పేరెన్నికగన్న పరిశోధన చేశారు. గణితం ఎంతో లోతైనది. దానిని సరిచూసే ప్రయోగం మాత్రం ఇంతవరకు ఒక్కటీ లేదు. కోలారువంటి చోట తప్పని తేలగల సిద్ధాంతానికి ఉన్న గౌరవం దానికి ఇంకా రాలేదని చెప్పక తప్పదు.

కోలారులో పరిశోధన 1990ల తొలినాళ్లలో ఆగిపోయింది. గనిలో బంగారం తీయడానికి అయ్యే ఖర్చు దాని వెలను మించిపోవడంతో 2001 ఫిబ్రవరి 28న గనులను మూసివేశారు. నీరు తోడే యంత్రాలు నిలిచిపోగా లోతైన సొరంగాలను నీరు కప్పివేసింది. పనివాళ్లలో చాలామంది బిడ్డలు ఇప్పుడు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగి వస్తున్నారు.

జపానులో 2020లో హైపర్ కమియోకండె నిర్మాణం మొదలైంది. దాని తొట్టిలో పట్టే నీరు సుమారు 2,60,000 టన్నులు. ప్రోటాన్ ఆయుర్దాయం ఒకటి పక్కన ముప్పై అయిదు సున్నాల సంవత్సరాలనుకొని, పైన కోలారుకు వేసిన లెక్కనే మీరు మళ్లీ వేసి చూడండి. ఏడాదికి ఒకటో, రెండో విచ్ఛిన్నాలు వస్తాయి.